గుడ్డు జేబులోకి పోయిందంటే...

ఆ పేపర్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఏడో తరగతి లెక్కల పరీక్ష, 2023 ఆగస్టు. దూరం నుంచి చూస్తే ఫస్ట్ ర్యాంకర్ రాసిన పేపర్ అనుకుంటారు. పేజీ నిండా గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. దగ్గరికి తీసుకుని చూస్తే, ప్రశ్నపత్రంలో ఉన్న ప్రశ్నలన్నీ అచ్చు గుద్దినట్టు దించేసి ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ లేదు.

ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. చిరాకొచ్చి సున్నాని ఇంకాస్త పెద్దగా చుట్టాను.

వాడి అసలు పేరు చెప్పను. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ప్రతి క్లాసులోనూ ఒక ఈరన్న ఉంటాడు కాబట్టి, ఈరన్న అనే పిలుచుకుందాం.

నాది గుంటూరు వైపు పల్లె. మా ఆయన ఉద్యోగం ఆదోనిలో కావడంతో పెళ్ళయ్యాక నేనూ అటు బదిలీ చేయించుకున్నాను. కర్ణాటక సరిహద్దు దగ్గర్లో జిల్లా పరిషత్ హైస్కూలు. తెలుగులో కన్నడం, కన్నడంలో తెలుగు కలిపి మాట్లాడే పిల్లలు. నేను లెక్కల టీచర్ని. కొత్త బడి, మంచి పేరు తెచ్చుకోవాలన్న ఉబలాటం. ఇంతలో ఈ పేపర్.

మర్నాడు క్లాసులో ఒక పదాల లెక్క ఇచ్చి, ఈరన్నని లేపి చదవమన్నాను. మా పుస్తకాల్లో ఎడమ పేజీ ఇంగ్లిష్, కుడి పేజీ తెలుగు. "తెలుగులోనే చదువురా" అన్నాను. వాడు పుస్తకం వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ పుస్తకం వైపు. నిమిషం గడిచింది. క్లాసంతా నిశ్శబ్దం.

"ఏడో తరగతికి ఎట్లా వచ్చావురా నువ్వు? పోయి మూడో క్లాసులో కూర్చో!" అన్నాను.

పిల్లలు నవ్వారు. వాడూ కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి 'వీడికి సిగ్గు కూడా లేదు' అనుకున్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు వాడు బడికి రాలేదు.

తప్పు ఎవరిది?

స్టాఫ్‌రూమ్‌లో ఈ విషయం ఎత్తితే అందరి దగ్గరా ఒక్కో కథ ఉంది. 'ఇంగ్లిష్‌లో వాడి పేరు వాడికే రాయడం రాదు' అన్నారు ఇంగ్లిష్ సార్. 'హిందీలో అయితే అక్షరాలన్నీ బొమ్మల్లా గీస్తాడు' అన్నారు హిందీ పండిట్ గారు. అప్పుడు మొదలైంది అసలు చర్చ. ప్రైమరీలో సరిగా చెప్పలేదని మేం. అంగన్‌వాడీ నుంచే ఏమీ రాకుండా వచ్చారని ప్రైమరీ వాళ్ళు. తల్లిదండ్రులు పట్టించుకోరని వాళ్ళూ మేమూ కలిసి. ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఫెయిల్ చేయకూడదన్న రూల్ వల్లే ఇదంతా అని చివరగా ఒకరు.

ఆ రూల్ సంగతి మీకూ తెలిసే ఉంటుంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని అదే తరగతిలో ఆపకూడదంది. 2019లో చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వీలు రాష్ట్రాలకిచ్చారు. ఆపితే చదువొస్తుందా, పై క్లాసుకి పంపితే వస్తుందా అని అప్పట్నుంచీ వాదన నడుస్తూనే ఉంది. నాకు అర్థమైనంతలో ఆపినా, పంపినా మధ్యలో ఎవరో ఒకరు కూర్చుని నేర్పితేనే వస్తుంది.

ఇంకో లెక్క చెప్తాను, లెక్కల టీచర్ని కదా. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు చూసే 'అసర్' సర్వే ఒకటుంది. 2022 నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది దాదాపు 70 శాతం మందే. అంటే పది మందిలో ముగ్గురికి అది కూడా రాదు. ఈరన్న ఒక్కడు కాదన్నమాట. ప్రతి బడిలోనూ ఉన్నాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రశ్నలు దించుతూ కూర్చుని ఉన్నాడు.

అయితే ఆ రోజు నాకు ఈ లెక్కలేవీ తట్టలేదు. వాడు నాలుగు రోజులుగా రావట్లేదు, నా మాట వల్లే రావట్లేదేమో అన్న భయం మాత్రం గొంతులో అడ్డం పడింది.

వంట అక్కకి తెలిసిన సంగతి

ఐదో రోజు మధ్యాహ్నం అన్నాలు పెట్టే చోట నిలబడి, ఊరికే మాటవరసకి వంట అక్కని అడిగాను, "అక్కా, ఏడో తరగతి ఈరన్న తెలుసా?" అని.

"తెలీకేం మేడం! గుడ్డు జేబులో పెట్టుకునే పిల్లోడు కదా."

నాకు అర్థం కాలేదు.

"వారంలో ఐదు దినాలు గుడ్డు ఇస్తాం కదా. వాళ్ళమ్మోళ్ళు ఊళ్ళో ఉన్నన్ని దినాలు ఈడ్నే తింటాడు. వాళ్ళు సుగ్గికి పోయినారంటే గుడ్డు జేబులోకి పోతాది. ఇంటికాడ అవ్వకి. నేను చూసీ చూడనట్టు ఉంటా. ఇప్పుడు పది దినాల నుంచి జేబులోకే పోతాండాది. వానల్లేవు కదా ఈ ఏడు, బెంగళూరికి పోయినట్టున్నారు."

సుగ్గి. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం. ఈ పల్లెల్లో దాని అర్థం వేరు. ఊళ్ళో పని లేక, పొయ్యి వెలగక, మూటాముల్లె సర్దుకుని వేరే ఊరి కోతలకి పోవడం. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. తర్వాత కర్నూలు జిల్లాలో చాలా మండలాలని కరువు మండలాలుగా ప్రకటించారు కూడా. మామూలుగా దీపావళి దాటాక బయల్దేరే కుటుంబాలు ఆ ఏడు ఆగస్టులోనే బయల్దేరాయి.

అమ్మానాన్నా ఊళ్ళో లేరు. ముసలి అవ్వ, చిన్న చెల్లెలు. వాడే ఇంటి పెద్ద. అటెండెన్స్ రిజిస్టర్‌లో నాకు కనిపించింది నాలుగు 'ఏ'లు. వంట అక్కకి కనిపించింది జేబులోకి పోయిన గుడ్డు.

సాయంత్రం పీఈటీ సార్‌ని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. "ఈరన్నా? వాడు లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే మేడం. ఖోఖో అయినా, కబడ్డీ అయినా స్కోరు వాడే చెప్తాడు. నోటితోనే. ఒక్క పాయింట్ తప్పడు" అన్నారు.

సోషల్ సార్ ఆ పక్క ఊరి వారే. ఆయన ఇంకో ముక్క చెప్పారు. "వాడి మూడో తరగతి చివర్లో కరోనా వచ్చింది. నాలుగో తరగతంతా బడి సరిగ్గా లేదు. ఐదులో, ఆరులో ఏటా మూడు నాలుగు నెలలు అమ్మానాన్నలతో పోయాడు. లెక్కేస్తే వాడు బడిలో కూర్చున్నది ఎన్నాళ్ళు?"

నేను లెక్కేశాను. పేరుకి ఏడో తరగతే. కానీ వాడికి బడి దొరికింది మూడో తరగతి దాకానే. 'మూడో క్లాసులో కూర్చో పో' అన్నాను కదా! ఎగతాళికన్న మాటే నిజమైంది. ఏం చేయాలో తోచలేదు.

లాంగ్ నోట్‌బుక్

ఇవన్నీ హెచ్‌ఎం సార్‌కి చెప్పాను. ఆయన మాటలు తక్కువ మనిషి. బీరువాలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీశారు. మొదటి పేజీ పైన ఈరన్న పేరు రాశారు. కింద ఒకే ఒక్క వాక్యం. 'ఆగస్టు 24: గుడ్డు జేబులో పెట్టుకున్నాడు. వంట అక్క చూసింది.'

తర్వాత స్టాఫ్ మీటింగ్‌లో అందరికీ చెప్పారు. వెనకబడిన పిల్లలకి ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఎవరైనా రాయొచ్చు. రాయడం రాని వాళ్ళు చెప్తే ఇంకొకరు రాయాలి. షరతు ఒక్కటే. కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే రాయాలి. మొద్దు, సోమరి, శ్రద్ధ లేదు, ఇంట్లో పట్టించుకోరు వంటి మాటలు రాయకూడదు. "అవి మన అభిప్రాయాలు. అభిప్రాయంతో పిల్లాడికి చదువు చెప్పలేం" అన్నారు.

శనివారం చివరి పీరియడ్‌లో ఇరవై నిమిషాలు కూర్చోవాలని, వారానికి ఐదుగురు పిల్లల గురించి మాట్లాడుకోవాలని నిర్ణయించారు. ఈ పుస్తకం బీరువాలోనే ఉండాలి, పిల్లల ముందు ఎత్తకూడదు.

అందరూ చప్పట్లు కొట్టారని రాయాలనుంది కానీ, అలా జరగలేదు. సైన్స్ మేడం సీనియర్. "అమ్మాయ్, ఈ ఉత్సాహం ఆర్నెల్లే. నేనూ చేశా ఇవన్నీ. యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికే టైం సరిపోవట్లేదు, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అన్నారు. ఆమె మాట తప్పు కాదు. సిలబస్ నాక్కూడా ఆగలేదు.

మొదటి వారమే ఒక సంగతి బయటపడింది. తెలుగు మేడం ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినీ వేరుగా పిలిచి చదివించారు. అసర్ వాళ్ళు వాడే పద్ధతే. ముందు అక్షరాలు, తర్వాత చిన్న చిన్న పదాలు, తర్వాత ఒకటో తరగతి పేరా, ఆఖర్న రెండో తరగతి కథ. ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టుకోవడం, అంతే. చదవలేని వాళ్ళు ఓ ఐదారుగురు ఉంటారనుకున్నాం. మా రెండు చేతుల వేళ్ళూ చాలలేదు.

వాళ్ళలో ఎక్కువ మంది క్లాసులో అల్లరి చేసేవాళ్ళో, అసలు నోరే విప్పని వాళ్ళో. పదేపదే బాత్రూమ్‌కి వెళ్తానని అడిగే ఒకమ్మాయి ఏయే పీరియడ్లలో అడుగుతుందో అందరి పేజీలూ కలిపి చూస్తే అర్థమైంది. పైకి చదివించే పీరియడ్లలోనే! ఇన్నాళ్ళూ ఎవరి పీరియడ్ వాళ్ళకి ఆ పిల్ల ఒక్కసారే వెళ్ళినట్టు లెక్క.

అప్పటిదాకా నేను టీమ్‌వర్క్ అంటే మీటింగులు, మినిట్సు అనుకునేదాన్ని. ఎనిమిది మంది టీచర్లు రోజుకి నలభై ఐదేసి నిమిషాలు ఒకే పిల్లని చూస్తారు. ఎవరికి కనిపించిన ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఆ ముక్కలన్నీ ఒక పేజీ మీదకి తేవడం, అంతే మేం చేసింది.

సుగ్గి, గుడ్డు, అవ్వ, తట్ట

ఈరన్న సంగతికొద్దాం. సోషల్ సార్, నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. నన్ను చూసి వాడు గడప వెనక్కి పోయాడు. నేను "సారీరా, ఆ రోజు అట్లా అనకుండా ఉండాల్సింది" అన్నాను. టీచర్ సారీ చెప్తే ఏమనాలో వాడికి తెలీలేదు. "ఏం లేదులే మేడం" అని నేల చూపులు చూశాడు. మర్నాడు బడికొచ్చాడు.

తెలుగు మేడం వాడు ఎక్కడ ఆగుతున్నాడో సరిగ్గా పట్టుకున్నారు. అక్షరాలొచ్చు. గుణింతాల్లో సగం వచ్చు. ఒత్తు కనిపిస్తే మాత్రం బ్రేక్ పడిపోతుంది. తెలుగులో ఒత్తు లేని వాక్యం ఎన్ని ఉంటాయి చెప్పండి? అందుకే ఏ పాఠం తెరిచినా మొదటి లైన్లోనే వాడి బండి ఆగిపోయేది.

మేడం పాఠ్యపుస్తకం పక్కన పెట్టేశారు. ప్రేయర్‌కి ముందు అరగంట, వరండాలో పదిహేను మంది పిల్లలు. ఆరో తరగతి, ఏడో తరగతి అన్న తేడా లేదు. ఎవరు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి. మొదటి రోజు బోర్డు మీద నాలుగు మాటలు రాశారు. సుగ్గి, గుడ్డు, అవ్వ, తట్ట.

చూశారా, నాలుగూ ఒత్తులున్న మాటలే. గ కింద గ ఒత్తు, డ కింద డ ఒత్తు, వ కింద వ ఒత్తు, ట కింద ట ఒత్తు. ఆ పిల్లలు పుట్టినప్పట్నుంచీ వింటున్న మాటలే. నోటికి తెలిసిన మాట కంటికి కనపడేసరికి ఒత్తు దానంతటదే పలికింది. ఆ రోజు ఈరన్న 'సుగ్గి' అని పైకి చదివాడు. వాడు నా ఎదురుగా చదివిన మొదటి ఒత్తు మాట అది. సంతోషించాలో బాధపడాలో నాకు తెలీలేదు.

మిగతా వాళ్ళూ తలో చెయ్యి వేశారు. హిందీ పండిట్ గారు వారంలో రెండు లీజర్ పీరియడ్లు ఈ పిల్లలకిచ్చారు. పీఈటీ సార్ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలబడ్డారు. "వెనకబడ్డారని చెప్పి నా గేమ్స్ పీరియడ్ మాత్రం లాక్కోకండి. రోజంతా ఓడిపోయే పిల్లాడు గెలిచేది అక్కడొక్కచోటే" అన్నారు. అప్పటిదాకా సిలబస్ అయిపోవట్లేదని ఆయన పీరియడ్ లాక్కున్న వాళ్ళలో నేనే ఫస్ట్. మళ్ళీ అడగలేదు.

నా వంతు నేను ఒక పని చేశాను. చదవడాన్నీ లెక్కనీ విడదీశాను. చదవడం రాకపోతే లెక్క రానట్టు కాదు కదా. ఒక రోజు ఈరన్నని పిలిచి నోటితో అడిగాను. "నలుగురు కలిసి 96 కిలోల మిరపకాయలు కోశారు. కిలోకి పది రూపాయలు. తలా ఎంత వస్తుంది?"

వాడు వెంటనే అన్నాడు, "గోనె బరువు తీసినారా మేడం?"

నాకు నోట మాట రాలేదు. ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న అది. కాటా దగ్గర నిలబడి, మోసపోయి, నేర్చుకున్న వాడు మాత్రమే అడిగే ప్రశ్న. "తీసేశారు" అన్నాను. "అట్లయితే రెండు వందల నలభై" అన్నాడు. పెన్ను ముట్టుకోలేదు.

ఆ రోజు ఈరన్న పేజీలో నేను రాసిన వాక్యం: 'లెక్క వచ్చు. నాకే తెలీదు.'

మా కల్లంలో పిల్లలు

దీపావళి దాటింది. ఊళ్ళో తాళాలు వేసిన ఇళ్ళు పెరిగాయి. ఈరన్న వాళ్ళ అమ్మానాన్నా బెంగళూరు నుంచి వచ్చి, ఈసారి మిరప కోతలకి బయల్దేరుతున్నారని వంట అక్క చెప్పింది. ఈసారి పిల్లల్ని కూడా తీసుకెళ్తారట.

"ఎటు వైపు?" అని అడిగాను.

"గుంటూరు వైపు మేడం."

ఇంటికొచ్చి మంచం మీద కూర్చుండిపోయాను.

మాకు ఐదెకరాలుంది. మిరపే వేస్తాం. నా చిన్నప్పుడు ఏటా సంక్రాంతి దాటాక మేస్త్రీ ముఠాని తీసుకొచ్చేవాడు. 'కర్నూలోళ్ళు వచ్చారు' అనేవాళ్ళం. కల్లం పక్కన పట్టలు కప్పుకుని ఉండేవాళ్ళు. వాళ్ళ పిల్లలు నా ఈడు వాళ్ళే. నేను యూనిఫాం వేసుకుని, రెండు జడలు వేసుకుని బడికి పోతుంటే, టిక్కీల మీద కూర్చుని నన్ను చూసేవాళ్ళు. ఒకసారి అమ్మని అడిగాను, "వాళ్ళెందుకు బడికి రారమ్మా?" అని.

"వాళ్ళది ఈ ఊరు కాదు కదమ్మా" అంది అమ్మ.

ఆ జవాబు నాకు ఇరవయ్యేళ్ళు సరిపోయింది. వాళ్ళకీ ఒక ఊరు ఉంటుందని, ఆ ఊళ్ళో ఒక బడి ఉంటుందని, ఆ బడి అటెండెన్స్ రిజిస్టర్‌లో వాళ్ళ పేర్ల ఎదురుగా వరసగా 'ఏ'లు పడుతుంటాయని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు ఆ రిజిస్టర్ నా చేతిలోనే ఉంది. నా చదువుకి ఫీజు కట్టిన మిరపకాయలు కోసింది ఏ ఈరన్న వాళ్ళ అమ్మో.

శనివారం మీటింగ్‌లో ఈ మాట చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. సైన్స్ మేడం నా భుజం మీద చెయ్యి వేసి, "సరే, ఇప్పుడేం చేద్దాం చెప్పు" అన్నారు.

వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళుంటాయి. పెద్దవాళ్ళు పనికి పోయినా పిల్లలు సొంత ఊళ్ళోనే ఉండి, బడికి వెళ్ళి, రాత్రికి అక్కడే తిని పడుకోవచ్చు. మా క్లస్టర్ సీఆర్పీ పేర్ల జాబితా తయారు చేశారు. మంజూరయ్యేసరికి డిసెంబర్ సగం గడిచింది. ఆ మధ్య రోజులకి స్టాఫ్ అంతా తలా కొంత వేసుకుని బియ్యం, పప్పు తెచ్చాం.

అసలు పని అది కాదు. పిల్లల్ని వదిలి వెళ్ళమని వాళ్ళ అమ్మని ఎవరు ఒప్పించాలి? నేను వెళ్తానన్నాను. హెచ్‌ఎం సార్ వద్దన్నారు. "మీరు వెళ్తే తల ఊపుతారు. తెల్లారి బస్సెక్కుతారు. వాళ్ళకి కావాల్సింది చదువు గొప్పతనం కాదు, పిల్లలు రాత్రిపూట భద్రంగా ఉంటారన్న నమ్మకం."

వెళ్ళింది వంట అక్క. అదే వీధి ఆమెది. ఏం మాట్లాడిందో మాకు పూర్తిగా తెలీదు. తర్వాత అడిగితే, "ఏముంది మేడం, పిల్లోడు నా కాడ తింటాడు, పాప నా కాడ పండుకుంటాది, ముసిలామెని నేను చూసుకుంటా, నువ్వు పోయిరా అన్నా" అంది. ఈరన్న, చెల్లెలు ఊళ్ళోనే ఉండిపోయారు.

అందరి విషయంలో ఇలా జరగలేదు. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు, మా నోట్‌బుక్‌లో అందరికంటే ఎక్కువ వాక్యాలున్న పేజీ వాడిదే, డిసెంబర్‌లో వెళ్ళి తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న మర్యాదగానే మాట్లాడాడు, "అప్పు తీరనీ సార్, పంపిస్తా" అని. ఆ పేజీలో ఆఖరి వాక్యం అదే. టీచర్లు కలిసికట్టుగా పనిచేస్తే అన్నీ అయిపోతాయని చెప్పలేను. అప్పుకి స్టాఫ్‌రూమ్‌లో మందు లేదు.

కళ్ళద్దాలు, తిరగబడే అక్షరాలు

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆర్నెల్లే అన్న సైన్స్ మేడం జనవరిలో ఒక పేజీలో రాశారు: 'మైక్రోస్కోప్‌లో చూడమంటే చూసింది, బోర్డు చూడమంటే పక్క పిల్ల నోట్సు చూసింది.' ఆరో తరగతి అమ్మాయి. అప్పటికే ముగ్గురు టీచర్లు 'పక్కవాళ్ళది చూసి రాస్తుంది' అని రాసి ఉన్నారు. అందరూ కాపీ అనుకున్నదాన్ని ఆమె ఒక్కతే చూపు అనుకుంది. బడికొచ్చే ఆరోగ్య బృందానికి చూపించాం. కళ్ళద్దాలొచ్చాయి. ఆ పిల్లకి చదువు రాకపోవడం కాదు, బోర్డే కనపడట్లేదు.

ఇంకో పిల్లాడు ఎంత చెప్పినా అక్షరాలు తిప్పి రాసేవాడు. నాలుగు నెలలైనా మార్పు లేదు. అది మాకు తెలిసిన పని కాదని ఒప్పుకుని, మండలంలోని భవిత కేంద్రం రిసోర్స్ టీచర్‌కి చూపించాం. చదవడంలో, రాయడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందుల్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. పిల్లాడి తప్పు కాదని వాళ్ళ నాన్నకి చెప్పినప్పుడు, ఆయన మొట్టమొదట అడిగింది "అయితే నేను కొట్టింది ఊరికేనా మేడం?" అని. నా దగ్గర జవాబు లేదు. నేనూ ఈరన్నని మాటతో కొట్టినదాన్నే కదా.

ఎవురు సూసినారు?

ఏప్రిల్. వార్షిక పరీక్షలైపోయాయి. ఈరన్నకి లెక్కల్లో పాస్ మార్కులొచ్చాయి, అంతే. ఫస్ట్ ర్యాంకులేం రాలేదు. ఒకటో తరగతి పేరా ఆగకుండా చదువుతాడు, రెండో తరగతి కథ ఆగి ఆగి చదువుతాడు. ఎనిమిదో తరగతికి అది చాలదు. ఇంకా చాలా దూరం ఉంది.

ఆఖరి పనిదినం రోజు ఏదో పని మీద స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. నేను నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని, వచ్చే ఏడు ఎవరి పేజీలు ఎవరు చూడాలో రాసుకుంటున్నాను. మూసేలోపే వాడి కళ్ళు పేజీ మీద పడ్డాయి. పైన వాడి పేరే ఉంది.

మూయబోయాను. మళ్ళీ ఆగాను. ఆ పేజీలో వాడు చదవకూడని మాట ఒక్కటి కూడా లేదని అప్పుడు గుర్తొచ్చింది. అభిప్రాయాలు రాయొద్దని హెచ్‌ఎం సార్ ఎందుకన్నారో ఎనిమిది నెలల తర్వాత అర్థమైంది.

వాడు వేలు పెట్టి చదివాడు. "గు... డ్డు... జే... బు... లో..." ఒత్తు దగ్గర ఆగలేదు. పూర్తిగా చదివి తలెత్తాడు.

"ఇది నాదేనా మేడం? ఎవురు సూసినారు?"

"చదివావుగా! వంట అక్క."

"అక్క సూసిందా!" అని నోరు తెరిచాడు. కాసేపు ఆలోచించాడు. "ఏమీ అనలేదే..." అన్నాడు. తర్వాత నవ్వాడు. ఆగస్టులో క్లాసులో నిలబడి నవ్విన నవ్వు కాదిది.

ఇది చదువుతున్న మీలో చాలామంది బడి దాటి వచ్చేసి ఉంటారు. మీ ఏడో తరగతిని ఒకసారి గుర్తు చేసుకోండి. చివరి బెంచీలో ఒకడు ఉండేవాడు. టీచర్ లేపితే నిలబడి, ఏమీ చెప్పకుండా, చిన్నగా నవ్వేవాడు. మనమూ నవ్వేవాళ్ళం. వాడి గురించి ఒక ముక్క మీకు తెలిసే ఉంటుంది. పొద్దున్నే పేపర్ వేసి వచ్చేవాడనో, తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగేవాడనో. ఆ ముక్క ఏ టీచర్‌కైనా చెప్పామా?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇప్పుడు అలాంటి పిల్లాడు ఉంటే, మీకు తెలిసిన ముక్కని బడి దాకా తీసుకెళ్ళండి. హెచ్‌ఎం గదిలోకే వెళ్ళక్కర్లేదు. వంట చేసే అక్కకి చెప్పినా చాలు.